ఆదివారం రెండు గంటలు చాలు: ఉద్యోగం చేసే అమ్మకు బ్రెజిల్ ఇంటి వంటలు, మిఠాయిలు

సావో పాలోలో మేమున్న అపార్ట్‌మెంట్‌లో పై అంతస్తు ఆవిడకు ఇద్దరు పిల్లలు. పొద్దున్నే ఏడింటికి బస్సెక్కితే మళ్లీ సాయంత్రం ఏడింటికే ఇల్లు చేరేవారు. ఏడున్నరకల్లా వాళ్లింట్లోంచి వెల్లుల్లి వేగుతున్న వాసన మా వంటింటి కిటికీలోకి వచ్చేది. ఎనిమిదయ్యేసరికి పిల్లలు అన్నాలు తినేసి హోంవర్కు ముందు కూర్చునేవారు. నేనూ అదే వేళకు ఇల్లు చేరేదాన్ని. మా అబ్బాయి తినేసరికి తొమ్మిదిన్నర దాటేది.

ఒకరోజు ఆగలేక అడిగేశాను. ఆవిడ ఫ్రీజర్ తలుపు తీసి వరసగా పేర్చిన ఐస్‌క్రీమ్ డబ్బాలు చూపించారు. మూత తీస్తే లోపల ఉడికించిన చిక్కుడు గింజలు. ఐస్‌క్రీమ్ అనుకుని ఆశగా మూత తీసి, గింజలు చూసి మొహం వేలాడేసుకోవడం బ్రెజిల్‌లో దాదాపు ప్రతి పిల్లాడికీ అనుభవమేనట.

ఆ తర్వాత చాలా ఆదివారాలు ఆవిడ పక్కన నిలబడి నేర్చుకున్నాను. నాకు అర్థమైంది ఇదీ: ఆవిడ గబగబా వండేవారు కాదు, వంటను సగంలో ఆపేవారు. గింజలను తాలింపుకు ముందు ఆపేవారు. చీజ్ ఉండలను ఓవెన్‌లోకి వెళ్లకముందు ఆపేవారు. మిఠాయిని గిన్నె వదిలీ వదలని క్షణంలో ఆపేవారు. ఏ వంటను ఎక్కడ ఆపాలో తెలిస్తే మిగతా సగానికి పావుగంట చాలు. కింద చెప్పేవన్నీ ఆ లెక్కలోనే చెబుతాను. ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటూ ఇక్కడి సామానుతోనే చేస్తున్నాను కాబట్టి, ఏది దేనికి బదులు వాడొచ్చో, ఏది కుదరదో కూడా అక్కడక్కడా చెబుతాను.

ముందు సామాను సంగతి

బ్రెజిల్ వంటలో మనవాళ్లు ఎక్కువగా పొరపడేది కర్రపెండలం దగ్గర. అక్కడి ఆదివాసులు వేల ఏళ్లుగా పండించుకున్న దుంప ఇది. పోర్చుగీసు ఓడలతో ప్రపంచం చుట్టింది. మన కాకినాడ జిల్లాలో పెద్దాపురం, సామర్లకోట చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులు నడిచేది ఈ దుంప మీదే. కానీ ఒకే దుంప నుంచి బ్రెజిల్‌లో కనీసం మూడు రకాల సరుకు వస్తుంది, ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే వంట చెడుతుంది.

మొదటిది పొల్విల్యో. అంటే దుంప నుంచి తీసిన మెత్తటి తెల్లటి గంజిపొడి. ఇందులో మళ్లీ తీపిది, పుల్లది అని రెండు. పేరుకే తీపిది, అందులో చక్కెర ఉండదు, మామూలు గంజిపొడే. పుల్లదాన్ని మాత్రం కొన్నాళ్లు పులియబెట్టి ఎండలో ఆరబెడతారు. దానివల్లే ఓవెన్‌లో పిండి బాగా పొంగుతుంది. మన దగ్గర టాపియోకా స్టార్చ్ పేరుతో దొరికేది తీపిదే. రెండోది ఫరీన్యా. దుంపను తురిమి, రసం పిండేసి, పెనం మీద వేయించిన గరుకు పొడి. మూడోది గోమ, అంటే గంజిపొడిని నీళ్లతో తడిపి జల్లించినది. ఈశాన్య రాష్ట్రాల్లో పొద్దున్నే దీన్ని వేడి పెనం మీద చల్లితే తనంతట తనే అతుక్కుని తెల్లటి అట్టవుతుంది. మధ్యలో కొబ్బరి కోరు, చీజ్ పెట్టి మడిచి ఇస్తారు.

ఇంకోటి కండెన్స్‌డ్ మిల్క్. నెస్లే సంస్థ బ్రెజిల్‌లో తన మొదటి ఫ్యాక్టరీని 1921లో సావో పాలో రాష్ట్రంలోని అరారస్‌లో పెట్టింది, అక్కడ తయారుచేసింది ఈ పాలే. అక్కడి ఇంటి మిఠాయిల్లో సగానికి పైగా ఈ డబ్బాతోనే మొదలవుతాయంటే ఎక్కువ చెప్పినట్టు కాదు. అక్కడి డబ్బా 395 గ్రాములు. మన దగ్గర 380, 400 గ్రాములవి దొరుకుతాయి, ఆ కాస్త తేడాతో ఏమీ కాదు.

కొలతల్లో కప్పు అన్నచోటల్లా 240 మిల్లీలీటర్ల కప్పు. టీ కప్పుతో కొలవకండి.

ఫెయిజావ్: వారం మొత్తానికి ఒక్కసారి ఉడికించే గింజలు

అన్నం, గింజలు. బ్రెజిల్ భోజనానికి వెన్నెముక ఇదే. రియో వైపు నల్ల గింజలు, సావో పాలో వైపు కరియోకా అనే గోధుమ చారల గింజలు ఎక్కువ. మన దగ్గర పెద్ద సూపర్ మార్కెట్లలో నల్ల గింజలు దొరుకుతున్నాయి. దొరక్కపోతే చిత్రా రాజ్మా వాడండి, రుచి కరియోకాకు చాలా దగ్గరగా వస్తుంది.

శనివారం రాత్రి పడుకునేముందు అరకిలో గింజలు కడిగి, మునిగి నాలుగు వేళ్లు పైకి నీళ్లు పోసి నానబెట్టండి. ఆదివారం పొద్దున ఆ నీళ్లు పారబోసి కుక్కర్లో వేసి, గింజల మీద రెండు వేళ్ల ఎత్తు కొత్త నీళ్లు పోయండి. గింజలూ నీళ్లూ కలిసి కుక్కర్ సగానికి మించకూడదు, మించితే రెండు విడతలుగా ఉడికించండి. రెండు బే ఆకులు వేయండి. మన బిర్యానీ ఆకు వేరు, బే ఆకు వేరు. బిర్యానీ ఆకులో దాల్చినచెక్క వాసన ఉంటుంది, అది ఈ వంటకు నప్పదు. అసలైనది లేకపోతే ఆకు వేయకుండానే చేయండి. ఉప్పు ఇప్పుడే వద్దు.

బ్రెజిల్ కుక్కర్ మనదానిలా ఆగి ఆగి విజిల్ వేయదు. ఒత్తిడి నిండిన దగ్గర్నుంచి ఆపకుండా సన్నగా బుసకొడుతూనే ఉంటుంది. అందుకే అక్కడి వంటల్లో 25 నిమిషాలు అని ఉంటే, బుస మొదలయ్యాక 25 నిమిషాలు అని అర్థం. మన కుక్కర్లో మొదటి విజిల్ రాగానే మంట బాగా తగ్గించి, అక్కడి నుంచి 20 నిమిషాలు లెక్కపెట్టుకుంటాను. రాజ్మా పాతదైతే ఇంకో ఐదు. ఆవిరి తనంతట తను పోయేదాకా మూత తీయొద్దు. బలవంతంగా ఆవిరి వదిలితే తొక్కలు చిట్లి గింజలు చెదిరిపోతాయి. ఒక్క జాగ్రత్త: రాజ్మా సరిగ్గా ఉడక్కపోతే కడుపులో వికారం, వాంతులు పట్టుకుంటాయి. ఒక గింజను వేళ్ల మధ్య నొక్కితే వెన్నలా నలగాలి. నలక్కపోతే మళ్లీ పెట్టండి.

ఇక్కడే ఆపాలి. తాలింపు పెట్టొద్దు. గింజలనూ ఆ నీళ్లనూ పళ్లెం లాంటి వెడల్పు గిన్నెల్లో పోసి చల్లార్చి, ఒక పూటకు సరిపడా చొప్పున డబ్బాల్లో పెట్టండి. గింజలు నీళ్లలో మునిగి ఉండాలి, తేలితే ఫ్రీజర్లో ఎండిపోతాయి. గడ్డకడితే నీళ్లు ఉబ్బుతాయి కాబట్టి డబ్బా పైన ఒక వేలు ఖాళీ ఉంచండి. అరకిలోకు నలుగురున్న ఇంట్లో నాలుగు పూటలు వస్తాయి. మూడు నెలలు నిలవుంటాయి గానీ మా ఇంట్లో ఎప్పుడూ రెండు వారాలు దాటలేదు.

తాలింపు ముందే పెట్టేసి దాచుకుంటే ఇంకా సుళువు కదా అనిపిస్తుంది. నేనూ మొదట అలాగే చేశాను. రెండు వారాలకు వెల్లుల్లి కమ్మదనం పోయి ఒక రకమైన చేదు మిగిలింది. తాలింపు ఏ రోజుది ఆ రోజు పెడితేనే నిన్నటి గింజలు ఈ రోజు వంటవుతాయి.

ఆ పూట పని ఇంతే. డబ్బాను పొద్దునే కింది ఫ్రిజ్‌లోకి మార్చి ఆఫీసుకు వెళ్లండి. సాయంత్రం మూకుట్లో రెండు చెంచాల నూనె, సన్నగా తరిగిన చిన్న ఉల్లిపాయ, దంచిన నాలుగైదు వెల్లుల్లి రెబ్బలు వేయించండి. వెల్లుల్లి అంచులు బంగారు రంగుకు తిరగగానే రెండు గరిటెల గింజలు వేసి, గరిటె వెనకవైపుతో ఆ తాలింపులోనే మెత్తగా మెదపండి. మెదిపాక మిగతా గింజలూ నీళ్లూ పోసి, ఉప్పు వేసి, పది నిమిషాలు మరగనివ్వండి. పులుసు చిక్కబడేది ఆ మెదిపిన గింజలతోనే. మనం తాలింపును పప్పులో వేస్తాం, వాళ్లు పప్పును తాలింపులో వేస్తారు. రుచంతా ఆ తేడాలోనే ఉంది. పసుపు, కారం, గరంమసాలా వేయకండి, వేస్తే రాజ్మా కూరవుతుంది. అదీ బాగుంటుంది గానీ ఇది కాదు. మా ఇంట్లో పెద్దవాళ్లం పక్కన ఆవకాయ పెట్టుకుంటాం, పిల్లలు ఉత్తదే తింటారు.

అన్నం, ఆకుకూర

వాళ్ల అన్నం పలుకు పలుకుగా, కాస్త ఉప్పగా, వెల్లుల్లి వాసనతో ఉంటుంది. బియ్యం కడిగి జల్లెట్లో పది నిమిషాలు నీళ్లు వార్చాలి. గిన్నెలో చెంచా నూనె, రెండు రెబ్బల వెల్లుల్లి, ఆ వెంటనే బియ్యం వేసి రెండు నిమిషాలు వేయించి, మరిగే నీళ్లు పోయాలి. పాత సోనామసూరికి కప్పుకు రెండు కప్పులు, కొత్త బియ్యమైతే కాస్త తక్కువ. ఉప్పు వేసి, మూత ఓరగా పెట్టి, నీళ్లు ఇంకాక మంట ఆపి పూర్తిగా మూసి ఐదు నిమిషాలు వదిలేయండి. మధ్యలో కలపొద్దు.

పక్కన కోవి అనే ఆకుకూర. క్యాబేజీ జాతిదే గానీ ఉండ కట్టని విడి ఆకులు. ఆకులను బీడీలా గట్టిగా చుట్టి, వెంట్రుకంత సన్నగా తరిగి, వెల్లుల్లి నూనెలో రెండు నిమిషాలు మాత్రమే తిప్పి దించాలి. పచ్చదనం పోకూడదు. మన దగ్గర నూల్‌కోల్ దుంపతో వచ్చే ఆకులు పారేస్తాం, అవి ఇదే జాతివి, చక్కగా పనికొస్తాయి. కేల్ కూడా సరిపోతుంది.

ఫరీన్యాను వెన్నలో వేయించి అన్నం మీద చల్లుకునే ఫరోఫాకు మాత్రం ఇక్కడ సరైన బదులు నాకు దొరకలేదు. బ్రెడ్ పొడితో చేసి చూశాను, అది వేరే వస్తువు. ఎవరైనా అక్కడి నుంచి వస్తుంటే ఒక కిలో తెప్పించుకోండి, లేదంటే వదిలేయండి.

లంచ్ బాక్సుకు వాళ్లు మర్మీటా అంటారు. సగం అన్నం, పావు గింజలు, మిగతా పావులో ఆకుకూర, అన్నం మీద ఒక వేయించిన గుడ్డు. గింజల నీళ్లు అన్నంలోకి పాకకుండా చిన్న మూతడబ్బాలో విడిగా పెడితే మధ్యాహ్నానికి అన్నం ముద్దవదు.

పావ్ జి కేజు: ఫ్రీజర్ నుంచి నేరుగా ఓవెన్‌లోకి

పావ్ అంటే పోర్చుగీసులో రొట్టె. మనం తినే పావ్ భాజీలో పావ్ ఆ మాటే, గోవా మీదుగా వచ్చింది. కేజు అంటే చీజ్. మినాస్ జెరాయిస్ రాష్ట్రం పేరు చెబితే బ్రెజిల్‌లో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఈ చీజ్ ఉండలే. మైదా లేదు, గోధుమ లేదు, ఈస్టు లేదు. పైన పెళుసుగా, లోపల సాగుతూ ఉంటాయి. బడి నుంచి వచ్చిన పిల్లలకు వీటిని మించిన చిరుతిండి నాకు తెలియదు.

సరుకులు: గంజిపొడి అరకిలో, పాలు 1 కప్పు, నూనె అర కప్పు, ఉప్పు 2 చిన్న చెంచాలు, గుడ్లు 2 లేదా 3, తురిమిన చీజ్ 200 నుంచి 250 గ్రాములు. అక్కడ కాస్త ముదిరిన మినాస్ చీజ్ వాడతారు. ఇక్కడ సగం మొజరెల్లా, సగం పార్మెజాన్ కలుపుతున్నాను. మొజరెల్లా సాగుడు ఇస్తుంది, పార్మెజాన్ వాసన ఇస్తుంది. పార్మెజాన్ ఖరీదనుకుంటే దాని బదులు మామూలు ప్రాసెస్డ్ చీజ్ క్యూబులు తురమండి, అప్పుడు ఉప్పు ఒక చెంచాకు తగ్గించండి. పనీర్ మాత్రం పనిచేయదు, కరగదు.

1. పాలు, నూనె, ఉప్పు కలిపి పొంగు వచ్చేదాకా మరిగించండి. సలసలా మరగడం ముఖ్యం, గోరువెచ్చగా పోస్తే పిండి అతుక్కోదు.

2. వెడల్పు గిన్నెలో ఉన్న గంజిపొడి మీద అంతా ఒకేసారి పోసి చెక్క గరిటెతో కలపండి. ఉండలు ఉండలుగా, పిడచలుగా కనిపిస్తుంది. భయపడొద్దు. మనం అప్పడాల పిండో, జంతికల పిండో వేడినీళ్లతో కలిపినట్టే ఇదీ.

3. చేయి పట్టేంత చల్లారేదాకా ఆగండి. ఇక్కడ తొందరపడితే గుడ్డు ఉడికిపోతుంది. పది పదిహేను నిమిషాలు పడుతుంది. ఈలోపు చీజ్ తురుముకోవచ్చు.

4. గుడ్లు ఒక్కొక్కటే వేసి పిసకండి. మొదట జారిపోతూ విసుగు తెప్పిస్తుంది, రెండు మూడు నిమిషాలకు కలుస్తుంది. రెండో గుడ్డు తర్వాత పిండి చూడండి. చపాతీ పిండికంటే మెత్తగా, చేతికి కాస్త అంటుకునేలా ఉంటే మూడోది అక్కర్లేదు.

5. చీజ్ కలిపి, చేతికి నూనె రాసుకుని, పెద్ద ఉసిరికాయంత ఉండలు చుట్టండి. ఈ కొలతకు 40 దాకా వస్తాయి.

ఆపాల్సింది ఇక్కడ. పళ్లెంలో ఒకదానికొకటి తగలకుండా పేర్చి ఫ్రీజర్లో మూడు గంటలు ఉంచండి. రాయిలా గట్టిపడ్డాక అన్నీ ఒక సంచిలో వేసేయొచ్చు, అతుక్కోవు. నెల, రెండు నెలలు ఉంటాయి. కావలసినప్పుడు కావలసినన్ని తీసి, కరగనివ్వకుండా నేరుగా 190 డిగ్రీలకు ముందే వేడెక్కిన ఓవెన్‌లో 25 నుంచి 30 నిమిషాలు. మొదటి పావుగంట తలుపు తీయొద్దు, తీస్తే పొంగింది కూర్చుంటుంది. కరిగాక పెడితే ఉండ పక్కలకు పరుచుకుని బిస్కెట్టవుతుంది, అందుకే గడ్డగా ఉన్నప్పుడే పెట్టాలి. ఎయిర్ ఫ్రయర్లో 180 డిగ్రీల మీద 15 నిమిషాలకు చూసుకోండి.

పులియబెట్టిన గంజిపొడి లేదు కాబట్టి మనవి అక్కడంత బోలుగా పొంగవు. రుచికి లోటుండదు.

ఓవెన్ లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. గంజిపొడి ఒకటిన్నర కప్పు, పాలు మూడింట రెండు వంతుల కప్పు, నూనె మూడో వంతు కప్పు, గుడ్డు 1, తురిమిన చీజ్ అర కప్పు, ఉప్పు ముప్పావు చెంచా మిక్సీలో తిప్పితే జారుగా పిండి వస్తుంది. అక్కడ దీన్ని చిన్న గుంతల ట్రేలో పోసి కాలుస్తారు. నేను గుంతపొంగణాల పెనంలో సగం సగం పోసి, మూతపెట్టి సన్న సెగన కాల్చి తిప్పుతాను. పొంగడం తక్కువ, అడుగు మాత్రం కరకరలాడుతుంది. ఈ పిండిని ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంచుకోవచ్చు, తీసినప్పుడు బాగా కలపాలి.

మిక్సీలో తయారయ్యే క్యారెట్ కేకు

బ్రెజిల్ క్యారెట్ కేకులో మసాలా దినుసులు ఉండవు, తురుము కనబడదు. పసుపుపచ్చగా నునుపుగా ఉన్న కేకు మీద పలచటి చాక్లెట్ పూత, అంతే. సాయంత్రం కాఫీ వేళకు ఎవరింటికి వెళ్లినా ఇది పెట్టేవారు.

ముక్కలు కోసిన క్యారెట్ 250 గ్రాములు. తూచి వేయండి, మూడు మధ్యరకం క్యారెట్లు అని వదిలేస్తే మన ఎర్ర క్యారెట్లు ఒక్కోటి ఒక్కో సైజులో ఉంటాయి. ఎక్కువైతే కేకు అడుగున పచ్చిపిండిలా దట్టంగా పేరుకుంటుంది, అక్కడ దానికొక పేరే ఉంది, సొలాదు అంటారు. క్యారెట్, 3 గుడ్లు, ముప్పావు కప్పు నూనె మిక్సీలో ఒక్క పలుకు లేకుండా తిప్పండి. ఒకటిన్నర కప్పు చక్కెర వేసి మళ్లీ తిప్పండి. అక్కడివాళ్లు రెండు కప్పులు వేస్తారు, మనకు తీపి ఎక్కువవుతుంది.

ఇక మిక్సీ ఆపేయాలి. గిన్నెలో 2 కప్పుల మైదా జల్లించి, మిక్సీలోది పోసి, చేత్తో గరిటె తిప్పుతూ తెల్లపొడి మాయమయ్యేదాకా మాత్రమే కలపండి. మైదాను మిక్సీలో తిప్పితే జిగురు పుట్టి కేకు రబ్బరవుతుంది. చివర్లో పెద్ద చెంచా బేకింగ్ పౌడర్ కలిపి, వెన్న రాసిన గిన్నెలో పోసి, 180 డిగ్రీల మీద 40 నిమిషాలు. పుల్ల గుచ్చితే పొడిగా రావాలి.

పూతకు వెన్న 1 పెద్ద చెంచా, కోకో 3 పెద్ద చెంచాలు, చక్కెర అర కప్పు, పాలు పావు కప్పు కలిపి మరిగించి, గరిటె వెనక అంటుకునేంత చిక్కబడగానే వేడి కేకు మీద వేడిగానే పోసేయండి. ఆరాక పైన పెళుసు పొర కడుతుంది. ఈ కేకు ముక్కలను పూత లేకుండా ఫ్రీజ్ చేయొచ్చు. పొద్దున డబ్బాలో పెడితే ఇంటర్వెల్ వేళకు మెత్తబడి ఉంటుంది.

బ్రిగడెయిరో, దాని అక్కచెల్లెళ్లు

బ్రిగడెయిరో అనే ఈ చాక్లెట్ ఉండలు లేకుండా బ్రెజిల్‌లో పిల్లల పుట్టినరోజు జరగదు. 1945 ఎన్నికల్లో వైమానిక దళ బ్రిగేడియర్ ఎడ్వార్డు గోమెస్ దేశాధ్యక్ష పదవికి పోటీచేశారు. ఆయన్ను బలపరిచిన మహిళలు ఈ మిఠాయిలను ప్రచారంలో పంచి, అమ్మి ఆయన హోదా పేరే పెట్టారని అక్కడ చెప్పుకుంటారు. బ్రెజిల్ ఆడవాళ్లకు ఓటు హక్కు వచ్చింది 1932లో. అంటే ఓటు కొత్తగా చేతికొచ్చిన తరం వంటింటి నుంచి చేసిన ప్రచారం అది. గోమెస్ ఓడిపోయారు, ఎవ్రికో గాస్పార్ దుత్రా గెలిచారు. మిఠాయి మాత్రం ప్రతి ఇంట్లో నిలిచిపోయింది.

అడుగు మందంగా ఉన్న గిన్నె తీసుకోండి. ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, జల్లించిన తీపి కలపని కోకో 3 పెద్ద చెంచాలు, వెన్న 1 పెద్ద చెంచా, చిటికెడు ఉప్పు. పొయ్యి వెలిగించకముందే కోకో పూర్తిగా కలిసిపోయేలా కలపండి, తర్వాత కలిపితే గడ్డలు విడవవు. సన్న సెగ మీద పెట్టి, అడుగూ అంచులూ గీరుతూ ఆపకుండా కలపాలి. ఫోను పక్క గదిలో పెట్టి రండి. పది నిమిషాల పని, ఆ పది నిమిషాలూ చేయి ఆగకూడదు.

హల్వా చేయడం వచ్చినవాళ్లకు గుర్తు చెప్పనక్కర్లేదు, గిన్నె వదలాలి. గరిటెతో మధ్యలో గీత గీస్తే అడుగు కనబడి, రెండు మూడు క్షణాలు అలాగే ఉండి, మెల్లగా మూసుకోవాలి. గిన్నె వంచితే ముద్దంతా ఒక్కటిగా జారాలి. అంతే, దించేయండి. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే చల్లారాక పళ్లకు అంటుకునే టాఫీ అవుతుంది. అలా అయితే రెండు చెంచాల పాలు పోసి సన్న సెగ మీద మళ్లీ కరిగించండి, దారికొస్తుంది. పలచగా ఉండిపోతే మళ్లీ పొయ్యెక్కించడమే.

వెన్న రాసిన పళ్లెంలో పోసి పూర్తిగా చల్లారనివ్వండి. చేతికి వెన్న రాసుకుని గోలీకాయకంటే కాస్త పెద్ద ఉండలు చుట్టి చాక్లెట్ సేమ్యా ముక్కల్లో దొర్లించండి. డబ్బాకు 25 నుంచి 30 వస్తాయి. ఉండలు చుట్టే ఓపిక లేని రోజున రెండు నిమిషాలు ముందే దించి, చిన్న గిన్నెల్లో పోసి చెంచాలిచ్చేయండి. దాన్ని చెంచా బ్రిగడెయిరో అంటారు, అక్కడి పెద్దవాళ్లు ఆఫీసు నుంచి అలసి వచ్చిన రాత్రి చేసుకునేది అదే.

కోకో బదులు 100 గ్రాముల ఎండుకొబ్బరి పొడి వేస్తే బెయిజీన్యో, అంటే చిన్న ముద్దు. మన కొబ్బరి లౌజు తెలిసినవాళ్లకు తొలి ముక్కలోనే చుట్టరికం తెలుస్తుంది. పైన ఒక లవంగం గుచ్చుతారు. చిన్నపిల్లలకు ఇచ్చేటప్పుడు అది తీసేయండి.

వేయించి పొట్టు తీసిన వేరుశనగపప్పు ఒక కప్పు పొడి కొట్టి, కోకో ఒక్క చెంచాతో వేస్తే కజుజీన్యో. దీన్ని జీడిమామిడి పండు ఆకారంలో ఒత్తి, చక్కెరలో దొర్లించి, మొన మీద ఒక వేరుశనగ గింజ గుచ్చుతారు, జీడిగింజలా. జీడిమామిడి బ్రెజిల్ చెట్టే. పోర్చుగీసువాళ్లు గోవాకు తెచ్చారు, అక్కడి నుంచి మన పలాస దాకా వచ్చింది. బజార్లో మనం కాజు అనే మాట అక్కడి టూపీ ఆదివాసుల భాషది. మా అబ్బాయికి ఈ సంగతి చెప్పినప్పటి నుంచి జీడిపప్పు డబ్బా మూత తీసినప్పుడల్లా ఇది బ్రెజిల్ నుంచి వచ్చిందమ్మా అంటాడు.

పొయ్యి వెలిగించక్కర్లేని నిమ్మకాయ మూస్

అక్కడ ఎక్కువగా ప్యాషన్ ఫ్రూట్‌తో చేస్తారు. అది మన దగ్గర అన్ని కాలాల్లో దొరకదు, నిమ్మకాయ ఎప్పుడూ ఉంటుంది. ఒక డబ్బా కండెన్స్‌డ్ మిల్క్, ఒక చిన్న పెట్టె ఫ్రెష్ క్రీమ్, అంటే 200 మిల్లీలీటర్లు, మిక్సీలో ఒక నిమిషం తిప్పండి. తిరుగుతుండగానే 100 మిల్లీలీటర్ల నిమ్మరసం సన్నటి ధారగా పోయండి. పులుపు తగలగానే పాలలోని మాంసకృత్తులు పట్టుకుని చిక్కబడటం కళ్ల ముందే కనబడుతుంది. చిక్కబడగానే ఆపండి. జెలటిన్ అక్కర్లేదు, గుడ్డు అక్కర్లేదు. గిన్నెల్లో పోసి నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచి, పైన నిమ్మతొక్క పచ్చటి భాగం మాత్రమే గీరి చల్లండి. తెల్లభాగం తగిలితే చేదు.

ఆదివారం ఏది ముందు, ఏది వెనక

కుక్కర్ పొయ్యెక్కించాక పావ్ జి కేజుకు పాలు మరగబెడతాను. అది చల్లారే పావుగంటలో క్యారెట్ పిండి మిక్సీలో తిప్పి కేకు ఓవెన్‌లోకి. కేకు కాలుతుండగా ఉండలు చుట్టడం, అందులో పిల్లలకూ చేయి ఇవ్వొచ్చు, వంకరగా చుట్టినా ఓవెన్‌లో గుండ్రమవుతాయి. కుక్కర్ ఆవిరి పోయి గింజలు చల్లారేసరికి పూత పోసిన కేకు బల్ల మీద ఉంటుంది. రెండు గంటలు. చివర పదిహేను నిమిషాలు గిన్నెలకే.

పుట్టినరోజు ఉన్న వారమైతే బ్రిగడెయిరో ముద్దను రెండు రోజుల ముందు రాత్రి ఉడికించి, పైన తేమ చేరకుండా ప్లాస్టిక్ కాగితాన్ని ముద్దకే అంటించి ఫ్రిజ్‌లో పెట్టండి. ముందురోజు రాత్రి చుట్టి గట్టి మూతడబ్బాలో ఉంచండి. పార్టీకి గంట ముందు బయటికి తీస్తే మెత్తబడతాయి. 20 మంది పిల్లలకు నేను మూడు డబ్బాల పాలు లెక్కేసుకుంటాను, ఒకటి కోకోకు, ఒకటి కొబ్బరికి, ఒకటి వేరుశనగకు. కొబ్బరివి ముందు చుట్టండి, చేతులకు కోకో అంటుకోకముందు.